గాడిలో పుట్టిన దేవుడు

ప్రతి డిసెంబరులోనూ నా ఫోన్లోకి రెండు రకాల ఫార్వర్డులు వస్తాయి. మొదటిది మా కాలేజీ గ్రూపు నుంచి. "డిసెంబరు 25 యేసు పుట్టినరోజే కాదు, అది రోమన్ల సూర్యుడి పండగ, చర్చి దాన్ని కొట్టేసింది, షేర్ చేయండి" అని. రెండోది క్రైస్తవ మిత్రుల నుంచి. మంచు, గంటలు, ఎర్ర టోపీ తాత, కింద ఒక వాక్యం. (ఒంగోలులో మంచేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.) ఇక ఆఫీసులో అయితే సీక్రెట్ శాంటా, మూడొందలకి మించని గిఫ్టు, లాబీలో ప్లాస్టిక్ చెట్టు. అక్కడ యేసు ప్రసక్తే రాదు, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ మూడింటిలోనూ నాకు కనపడని విషయం ఒకటుంది. అసలు ఆ రోజున క్రైస్తవులు జరుపుకునేది ఏమిటి? ఒక మహాత్ముడి పుట్టినరోజా? అలాగైతే గాంధీ జయంతిలాంటిదే కదా. కాదు, వాళ్ళు చెప్పేది అంతకంటే చాలా పెద్ద మాట. దేవుడు మనిషి దేహం తొడుక్కోలేదు, మనిషే అయ్యాడు అంటారు. ఈ ఒక్క వాక్యం మీద కొన్ని వందల ఏళ్ళు కొట్టుకున్నారు, దేశాలు పట్టి తిరిగారు. ఆ కథ మన ప్రకాశం జిల్లా దాకా వచ్చింది. నేను వేదాంతిని కాదు, చరిత్రకారుణ్ణీ కాదు, క్రైస్తవుణ్ణి కూడా కాదు. రోజంతా కోడు రాసుకునేవాణ్ణి. మరి నాకెందుకు ఈ గొడవ అంటే, దానికో కారణం ఉంది. చివర్లో చెప్తాను.

ముందు ఆ తేదీ సంగతి తేల్చేద్దాం, లేకపోతే గ్రూపు వాళ్ళు ఊరుకోరు.

యేసు ఏ రోజున పుట్టాడో బైబిల్లో లేదు. నాలుగు సువార్తల్లో మత్తయి, లూకా ఇద్దరే పుట్టుక గురించి రాశారు, వాళ్ళూ తేదీ ఇవ్వలేదు. మార్కు అయితే ఏకంగా పెద్దవాడైన యేసుతోనే మొదలుపెడతాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే ఆయన, కొందరు పుట్టినరోజు లెక్కలు కడుతున్నారని రాశాడు. ఆ లెక్కల్లో ఒకటి మే 20కి వస్తుంది. డిసెంబరు 25 మనకి మొదట స్పష్టంగా దొరికేది 354లో రోమ్‌లో తయారైన ఒక పంచాంగం లాంటి సంకలనంలో. అందులోని జాబితా 336 నాటిదని పండితుల లెక్క.

తమాషా ఏంటంటే, అదే సంకలనంలో ఇంకో చోట అదే డిసెంబరు 25న "అజేయుడి జన్మదినం" అని, ఆ రోజు 30 రథాల పందేలు జరుగుతాయని ఉంటుంది. ఆ అజేయుడు సూర్యుడే అంటారు. చక్రవర్తి ఆరేలియన్ 274లో రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించాడు, అది నిజం. కానీ ఆ పండగ డిసెంబరు 25న జరిగేదనడానికి మొదటి ఆధారం కూడా ఈ 354 పుస్తకమే! అంటే రెండు పండగలకీ ఒకటే పాత రికార్డు. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో ఈ కమిట్ హిస్టరీ చూసి తేల్చలేం. ఇంకో వాదన కూడా ఉంది. యేసు గర్భంలో పడిన రోజూ, సిలువ మీద చనిపోయిన రోజూ ఒకటే, అది మార్చి 25 అని పాత క్రైస్తవుల్లో ఒక నమ్మకం ఉండేది. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25. తూర్పు దేశాల్లో మాత్రం చాలాకాలం జనవరి 6నే చేశారు, ఆర్మేనియా చర్చి ఇప్పటికీ ఆ రోజే చేస్తుంది. పాత జూలియన్ క్యాలెండరు వాడే చర్చిలకు మన జనవరి 7న వస్తుంది. యుక్రెయిన్ ఆర్థొడాక్స్ చర్చి 2023లో డిసెంబరు 25కి మారిపోయింది.

అంటే తేదీ అనేది మనుషులు పెట్టుకున్నదే. ఏ క్రైస్తవ పండితుణ్ణి అడిగినా ఒప్పుకుంటాడు. శ్రీరామనవమి ఎండాకాలంలో వచ్చిందా లేదా అన్నదాని మీద రాముడి గొప్పతనం ఆధారపడదు కదా, ఇదీ అంతే. కాబట్టి కాలేజీ గ్రూపు మిత్రులారా, మీ ఫార్వర్డు పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు, ముఖ్యంగా దానివల్ల తేలేదేమీ లేదు.

అసలు గొడవ తేదీ దగ్గర కాదు, దేహం దగ్గర జరిగింది.

మొదటి రెండు శతాబ్దాల్లోనే కొంతమంది క్రైస్తవులకు ఒక ఇబ్బంది వచ్చింది. దేవుడంటే పరిశుద్ధుడు, మార్పు లేనివాడు. అలాంటివాడికి చెమట, ఆకలి, నిద్ర, రక్తం ఏమిటి? తల్లి కడుపులోంచి రావడమేమిటి, ఛీ. కాబట్టి యేసు మనిషిలా కనిపించాడంతే, నిజంగా మనిషి కాదు అన్నారు. వీళ్ళ వాదానికి డోసెటిజం అని పేరు. "అనిపించడం" అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. చర్చి ఈ వాదాన్ని కొట్టేసింది. ఇక్కడ గమనించండి, యేసు దేవుడు కాదు అన్నవాళ్ళకంటే ముందు, యేసు మనిషి కాదు అన్నవాళ్ళతో వాళ్ళు పోట్లాడాల్సి వచ్చింది.

తర్వాత రెండో వైపు నుంచి వచ్చాడు అరియస్. ఈయన అలెగ్జాండ్రియాలో పూజారి. యేసు గొప్పవాడే, సృష్టి కంటే ముందున్నవాడే, కానీ తండ్రితో సమానం కాదు, తండ్రి చేసినవాడు అన్నాడు. వినడానికి చాలా సబబుగా ఉంటుంది. దేశమంతా రెండుగా చీలిపోయింది. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో (ఇప్పటి టర్కీలో ఇజ్నిక్) బిషప్పుల సభ పెట్టించాడు. తండ్రీ కొడుకూ "ఒకే సారం" అని సభ తీర్మానించింది, గ్రీకులో హోమోఊసియోస్. తర్వాతి దశాబ్దాల్లో కొందరు రాజీకి వచ్చి "ఒకే సారం కాదు, ఒకేలాంటి సారం అందాం" అన్నారు, హోమోయిఊసియోస్. రెండింటికీ తేడా ఒక్క అక్షరం. ఒక్క అక్షరం కోసం అంత కొట్లాటా అని తర్వాతివాళ్ళు ఎగతాళి చేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్క అక్షరం తేడా వల్ల రాత్రి రెండింటికి నిద్ర లేచి ప్రొడక్షన్ సరిచేసినవాణ్ణి నేను.

ఈ కొట్లాటలో ఒకే పక్కన నిలబడ్డ మనిషి అథనాసియస్. నైసియా సభకి అలెగ్జాండ్రియా బిషప్పు వెంట సహాయకుడిగా వెళ్ళాడు, 328లో తనే బిషప్పయ్యాడు, 373లో చనిపోయాడు. ఈ మధ్యలో చక్రవర్తులు మారినప్పుడల్లా ఊళ్ళోంచి తరిమేశారు. మొత్తం ఐదుసార్లు, దాదాపు 17 ఏళ్ళు ప్రవాసం. ఈయన దేవుడు మనిషి కావడం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఒక పోలిక నాకు బాగా పట్టుకుంది. నా మాటల్లో చెప్తాను. ఒక మహారాజు ఒక పట్నానికి వచ్చి, అందులో ఏదో ఒక ఇంట్లో దిగాడనుకోండి. ఆయన దిగింది ఒక్క ఇంట్లోనే అయినా గౌరవం పట్నమంతటికీ వస్తుంది. ఇక ఏ దొంగా ఆ పట్నం జోలికి రాడు. అలాగే దేవుడు ఒక మనిషి దేహంలోకి వచ్చాడు కాబట్టి మనుషులందరి దేహాలకీ విలువ వచ్చింది అంటాడు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఇది కేవలం వేదాంతం కాదు. దేవుడు మనిషిలా నటించి వెళ్ళిపోతే మనిషి దేహానికి ఒరిగేదేం లేదు. దేవుడి కంటే తక్కువవాడెవరో వచ్చి వెళ్ళినా అంతే, పట్నానికి వచ్చింది రాజు కాదు, రాజు గారి బంట్రోతు అవుతాడు. రెండు వైపులా గట్టిగా పట్టుకుంటేనే పోలిక నిలబడుతుంది. 451లో కాల్సిడాన్ సభ ఈ రెండూ కలిపి, పూర్తి దేవుడు, పూర్తి మనిషి, ఒకే వ్యక్తి అని సూత్రం రాసింది. దానికీ అందరూ ఒప్పుకోలేదు. ఈజిప్టులోని కోప్టులు, ఆర్మేనియన్లు, కేరళలోని సిరియన్ ఆర్థొడాక్స్ శాఖ వాళ్ళు ఆ సభని ఇప్పటికీ అంగీకరించరు. అయితే యేసు దేవుడూ, నిజమైన మనిషీ అనే విషయంలో వాళ్ళకీ తేడా లేదు, చెప్పే పద్ధతిలోనే తేడా.

మన తెలుగువాళ్ళకి దేవుడు మనిషిగా రావడం వింత కాదు. పది అవతారాలు చిన్నప్పుడే కంఠస్థం చేశాం. తెలుగు క్రైస్తవులు కూడా నరావతారం అనే మాట వాడతారు. కానీ కొంచెం జాగ్రత్తగా చూస్తే రెండూ ఒకటి కాదు. అవతారాలు అవసరమైనప్పుడల్లా వస్తాయి, పని అయ్యాక ముగుస్తాయి. క్రైస్తవుల లెక్కలో ఇది ఒక్కసారే, పైగా ఆ దేహాన్ని తర్వాత విడిచిపెట్టడం అనేది లేదు. చనిపోయి లేచాక కూడా చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయంటారు. ఏది గొప్ప అనేది నా ప్రశ్న కాదు. రాముడు ఏడ్చాడు, కృష్ణుడు వేటగాడి బాణానికి దేహం చాలించాడు, కాబట్టి "మీ దేవుడు చస్తాడు, మా దేవుడు చావడు" లాంటి తేలిక తేడాలు పనికిరావు. తేడా ఎక్కడుందంటే, అవతరించిన ఇంట్లో. రాముడు అయోధ్య రాజు ఇంట్లో. కృష్ణుడు పుట్టింది జైల్లో అయినా రాజవంశంలోనే. యేసు కథలో మాత్రం సత్రంలో చోటు దొరకని వడ్రంగి కుటుంబం, బిడ్డని పడుకోబెట్టింది పశువుల గాడిలో. మీరు ఊళ్ళో పెరిగినవాళ్ళయితే గాడి అంటే తెలుస్తుంది. గేదె నోటి తడి, మిగిలిపోయిన చొప్ప, ఈగలు. అంతే, అంతకంటే అందంగా ఏమీ ఉండదు.

ఆ గాడిని కళ్ళారా చూపించాలని మొదట అనుకున్నవాడు ఇటలీలోని ఫ్రాన్సిస్. 1223లో గ్రెచియో అనే కొండ ఊళ్ళో క్రిస్మస్ రాత్రి నిజమైన గాడి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి పెట్టించాడు. ఇవాళ ప్రతి చర్చి ముందూ కనపడే పశువుల పాక బొమ్మలకి అదే పెద్ద ప్రేరణ. ఇంకో పక్క, అసలు ఈ పండగే వద్దన్న క్రైస్తవులు కూడా ఉన్నారు. ఇంగ్లండులో ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ని రద్దు చేసింది, ఆ ఏడాది కాంటర్‌బరీలో జనం తిరగబడ్డారు. అమెరికాలో మసాచుసెట్స్ వలస ప్రాంతంలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే 5 షిల్లింగుల జరిమానా. బైబిల్లో లేని పండగ, తాగి తందనాలాడే పండగ అని వాళ్ళ అభ్యంతరం. అంటే ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే వాదనని ముందు వాడింది క్రైస్తవులే!

సరే, ఇప్పుడు మన జిల్లాకొద్దాం.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ళ కోసం పంపిన శామ్యూల్ డే అనే ఆయన 1836లో ఇక్కడికి వచ్చాడు. 1840లో ఆయన నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఎవరూ చేరలేదు. డబ్బు దండగ, మూసేద్దాం అని అమెరికాలో మీటింగులు. (రిటర్న్ లేని ప్రాజెక్టుకి ఎప్పుడైనా అదే గతి.) 1853లో అలాంటి ఒక మీటింగులో, పటం మీద తెలుగు దేశంలో ఒక్క నెల్లూరు దగ్గరే నక్షత్రం గుర్తు ఉందని ఎవరో అన్నారు. అప్పటి నుంచి దానికి "ఒంటరి నక్షత్రం" అని పేరు పడింది. దాని మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి పద్యం రాశాడు, మూసివేత ఆగింది. మర్నాడు సంవత్సరం, 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండని ఒంగోలులో ఇప్పటికీ ఆ ప్రార్థన పేరుతోనే పిలుస్తారు.

1866లో జాన్ క్లౌ అనే ముప్పై ఏళ్ళ మనిషి ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పనులు చేసినవాడు, అంటే మనలాంటి ఇంజనీరింగ్ బాపతే. ఆయన పెట్టిన బడికి మొదట పై కులాల పిల్లలు వచ్చారు. మిషనరీలకు అంతకంటే ఏం కావాలి? పైవాళ్ళు మారితే కిందవాళ్ళు వాళ్ళే వస్తారు అన్నది అప్పటి చాలామంది లెక్క. అదే సమయంలో కనిగిరి వైపు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ మనిషి వచ్చాడు. తోళ్ళ వ్యాపారి. అంతకుముందు రాజయోగం నేర్పే గురువుల దగ్గర తిరిగినవాడు. ఏలూరు వైపు వ్యాపారానికెళ్ళినప్పుడు యేసు గురించి విన్నాడు. 1866లోనే బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి తనవాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు.

ఇక్కడొచ్చింది చిక్కు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పైకులాల వాళ్ళు చెప్పేశారు. క్లౌ ఏం చెయ్యాలో తోచక ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట. లోకం నీచమని తోసేసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం. ఇది క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ దాని ఫలితం మాత్రం చరిత్ర. ఆయన మాదిగల్ని వదలలేదు. పైకులాల పిల్లలు బడి మానేశారు. అథనాసియస్ పోలికలో చెప్పాలంటే, రాజు ఏ ఇంట్లో దిగాలో ఆ రోజు తేలింది. ఊళ్ళో కాదు, ఊరి బయట వాడలో.

తర్వాత 1876–78 కరువు. దక్షిణ దేశంలో లక్షల మంది చచ్చిపోయారు. కరువు పనుల్లో మగకూలీకి రోజుకి ఒక పౌను గింజలు, పైన కాసిని చిల్లరా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ కూలిరేటు తగ్గించిన కాలం అది. అప్పట్లో కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నారు. అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. తన దగ్గరున్న బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలే. కూలీలని కొట్టని, తిట్టని మేస్త్రీలు. పగలు మట్టి తవ్వకం, మధ్యలో కూర్చున్నప్పుడు మాటలు.

మీకిప్పుడు "బియ్యం క్రైస్తవులు" అనే మాట గుర్తొస్తూ ఉండాలి. నాకూ వచ్చింది. క్లౌకి కూడా వచ్చింది. తిండి కోసం వస్తున్నారనే మాట పడకూడదని కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వనన్నాడు. సాయం ఆగిపోయి, కరువు పనులు అయిపోయాక, 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముంచింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళలో నిలబడ్డారు. ఆకలి ఒక్కటే కారణమైతే ఆకలి తీరాక రాకూడదు కదా? ఆకలికి ఏ పాత్రా లేదని నేననను. కానీ ఆకలితో పాటు ఇంకోటి ఉంది. తమని ముట్టుకుని, చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దింపే మనుషులు ఆ రోజు దాకా ఆ జనానికి లేరు. చెరువు దగ్గరికి రానివ్వని జనం నదిలో నిలబడ్డారు.

ఆ క్లౌ ఆత్మకథ 1914లో అచ్చయింది. దాన్ని సిద్ధం చేసింది ఆయన రెండో భార్య ఎమ్మా. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషన్‌బుష్, అమెరికాలో మతం అంటే పేదవాడి కూలి, ఇల్లు, ఒంటి సంగతి కూడా అని వాదించిన ప్రసిద్ధ వేదాంతి. ఒంగోలు కాలువ గట్టుకీ న్యూయార్క్ వేదాంతానికీ ఇలా ఒక చుట్టరికం ఉందని తెలిసి నేను చాలాసేపు ఆశ్చర్యపోయాను.

ఇంతటితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ అలా జరగలేదు.

చర్చిలోకి కులం కూడా బాప్తిస్మం తీసుకుని వచ్చేసింది. చాలా ఊళ్ళల్లో మాలపల్లి చర్చి వేరు, మాదిగపల్లి చర్చి వేరు. ఇవాళ్టికీ పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూడండి, క్రైస్తవ వరుడు అని రాసి పక్కనే కులం రాస్తారు. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. దీన్ని పరిశీలించడానికి 2022లో ఒక కమిషన్ వేశారు. అంటే బాప్తిస్మం తీసుకున్న రోజునే కాగితం మీద అంటరానితనం పోయిందని చట్టం అంటుంది. ఊరు మాత్రం అననే అనదు.

ఊరు ఏమందో 1985 జూలైలో తెలిసింది. కారంచేడు. గుండ్లకమ్మ ఒడ్డుకి అదేమంత దూరం కాదు. దళితులు తాగే చెరువు నీళ్ళని పాడు చెయ్యొద్దన్నందుకు గొడవ మొదలైంది. తనను కొట్టబోయినవాళ్ళ మీదికి నీళ్ళ బిందె ఎత్తిన మహిళ పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జూలై 17న, పైకులం వాళ్ళు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ తర్వాతే. 1878లో నీళ్ళలో నిలబడ్డవాళ్ళ మనవళ్ళ కాలానికి కూడా గొడవ నీళ్ళ దగ్గరే ఉంది. ఆమె పేరుని ఇంకోసారి చదవండి. సువార్త.

కాబట్టి ఇవాళ్టి క్రైస్తవులకి క్రిస్మస్ అర్థం ఏమిటని నన్నడిగితే (ఎవరూ అడగలేదనుకోండి), తేదీని కాపాడుకోవడం కాదు, ఆకాశమంత నక్షత్రాలు కట్టడం కాదు, ఫ్లెక్సీల మీద పాస్టరు గారి ఫొటో కింద యేసు ఫొటో వెయ్యడం అసలు కాదు. దేవుడు దేహం తీసుకున్నాడని నమ్మేవాడికి ఏ దేహమూ అంటరానిది కాకూడదు. ఆ ఒక్కటి ఒప్పుకోలేని చర్చి, పాత డోసెటిస్టుల్లాగే, దేవుడు మనిషిలా కనిపించాడని మాత్రమే నమ్ముతున్నట్టు.

ఇంతా క్రైస్తవులకి చెప్పడానికి నువ్వెవడివి అంటారా? నిజమే. అందుకే మొదట్లో దాచిన కారణం ఇప్పుడు చెప్తాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. మా ఊరి అంగన్‌వాడీ టీచరు క్రైస్తవురాలు, వాళ్ళబ్బాయీ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. ప్రతి క్రిస్మస్‌కీ టీచరు స్టీలు పళ్ళెంలో అరిసెలు, కజ్జికాయలు పెట్టి, పైన కొత్త తువాలు కప్పి వాడితో మా ఇంటికి పంపేది. మా నాయనమ్మ నవ్వుతూ తీసుకునేది. "మీ అమ్మకి చెప్పు నాయనా, పండగ బాగా చేసుకోండి" అనేది. వాడు వీధి మలుపు తిరిగాక పెరట్లోకి వెళ్ళి పళ్ళెం మొత్తం గేదె గాడిలో ఒంపేసేది. పళ్ళెం మూడుసార్లు కడిగి, సంక్రాంతికి మా అరిసెలు పెట్టి తిరిగి పంపేది. మా నాయనమ్మ చెడ్డది కాదు. ఎవరికి జ్వరమొచ్చినా ముందు పరిగెత్తేది. ఆమెకి అది తప్పని తోచలేదు. నాకు తోచింది, ఎనిమిదేళ్ళకే తోచింది, అయినా నోరెత్తలేదు. పైగా ఒక ఏడాది నాతోనే ఒంపించింది. ఒంపాను.

రెండేళ్ళ క్రితం హైదరాబాదులో వాడు కలిశాడు. ఎందుకో ఆ రోజు చెప్పెయ్యాలనిపించింది. "ఒరే, మీ అమ్మ పంపిన అరిసెలు మేం ఎప్పుడూ తినలేదురా" అన్నాను. వాడు టీ తాగడం ఆపలేదు.

"తెలుసురా. అమ్మకీ తెలుసు. మీ పాలేరు మొదటేడే చెప్పాడు."

"మరి ప్రతి ఏడూ ఎందుకు పంపారు?"

"నేనూ అదే అడిగా. పంపడం మన పండగరా, తినడం వాళ్ళిష్టం అంది."

ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు. ఆ రాత్రి నుంచే ఈ నైసియా, కాల్సిడాన్, క్లౌ, కారంచేడు అన్నీ చదవడం మొదలెట్టాను. తనవాళ్ళ దగ్గరికి వచ్చాడు, తనవాళ్ళు తీసుకోలేదు అని యోహాను సువార్త మొదట్లోనే ఒక సంగతి ఉంటుంది. వేదాంతులు దాని మీద సంపుటాలు రాశారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా తువాలు కప్పిన స్టీలు పళ్ళెమే కనపడుతుంది. తినకపోతే గాడిలో వేస్తారని తెలిసీ పంపడం.

నాయనమ్మ ఇప్పుడు లేదు. గేదెలూ లేవు. టీచరు రిటైరయి అక్కడే ఉంటోంది. ఈసారి డిసెంబరు 25కి సెలవు పెట్టాను, సీక్రెట్ శాంటాకి నా పేరు తీసెయ్యమని టీముకి చెప్పాను. ఊరెళ్ళి, వాళ్ళింట్లో కూర్చుని, అరిసెలు అడిగి తినాలి. ఇరవై ఏళ్ళు ఆలస్యమైంది. నమ్మకం విషయంలో నేను ఎక్కడున్నానో అక్కడే ఉన్నా, ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి అది అడ్డేమీ కాదు.